ఓ.పి. సూత్రానికి చంద్రగిరి టీక

మూలం

“ఊఁ. ఏంది? ఎన్నాళ్లుగా? గూగుల్ చూసొచ్చినావా? రాసిస్తా పో. నెక్స్ట్!”

అవతారిక

చంద్రగిరివాళ్లకు ఒళ్లు బాగాలేకపోతే మొదట ఊళ్లో ఆసుపత్రి. తగ్గకపోతే తిరుపతిలో రుయా, అక్కడా తేలకపోతే స్విమ్స్, అప్పటికీ మనసు కుదరకపోతే రాయవేలూరు సీఎంసీ. దారిలో వీధికొకటి చొప్పున ప్రైవేటు క్లినిక్కులు సరేసరి. పై సూత్రం ఎక్కడ పుట్టిందో మూలంలో లేదు. దేశమంతటా వినబడేదే గనుక ఫలానా చోటిదని చెప్పడానికీ లేదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన తెలుగువాడే కాబట్టి ఈ టీకాకారుడికీ అదే నియమం.

వక్త తెల్లకోటు ధరించినవాడు. శ్రోత తెల్లారకముందే బస్సెక్కి, చీటీ రాయించుకుని, మధ్యాహ్నానికి కుర్చీ దాకా చేరిన ఒక అవ్వ.

ప్రతిపదార్థం

ఊఁ = లోపలికి రావచ్చునని అనుమతి. తల ఎత్తకుండా పలకవలెను.

ఏంది = నీ బాధ యేమి? జవాబు అక్కరలేదని గొంతులోని కాకువు వల్ల గ్రహించాలి.

ఎన్నాళ్లుగా = ఎంతకాలము నుండి? “మొన్న సంక్రాంతి నుంచి సార్, మొదట ఎడమపక్క...” అని అవ్వ ఎత్తుకునేలోగానే కలం కదలడం సంప్రదాయం.

గూగుల్ చూసొచ్చినావా = ప్రశ్న అడుగుటకు సాహసించితివా? అవ్వ దగ్గరున్నది బటన్ల ఫోను. అయినా “ఈ మాత్ర ఎందుకు సార్?” అని అడగడం చేతనే ఆ అపవాదుకు పాత్రురాలయింది.

రాసిస్తా = మందులు లిఖించెదను. ఏ రోగానికి అన్న పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి.

పో = మందులషాపు ఉన్న దిక్కు.

నెక్స్ట్ = తలుపు దగ్గరి అటెండరుకు సంబోధన. లేవవలసినది మాత్రం అవ్వ.

వ్యాకరణ విశేషం

ఏకవచన ప్రయోగాన్ని కొందరు దోషమంటారు. మా సీమలో అమ్మనూ అవ్వనూ “నువ్వు” అనే అంటాం, అందులో ప్రేమే తప్ప చులకన లేదు. కాబట్టి దోషం ప్రత్యయంలో లేదు, పైకెత్తని కళ్లలో ఉంది. ముప్పై ఏళ్ల వక్తను డెబ్బై ఏళ్ల శ్రోత “మీరు” అంటున్నదని కూడా గమనించాలి.

ఛందస్సు

ఈ సూత్రానికి యతి 18వ సెకను దగ్గర పడుతుంది. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు వైద్యుల గదుల్లో జరిగే మాటలను పరిశీలిస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు తగిలాడని తేలింది. పాద పరిమాణం దేశాన్నిబట్టి మారుతుంది. 67 దేశాల లెక్కలు పరిశీలించి 2017లో ప్రచురించిన ఒక సమీక్షలో, రోగికి దక్కే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. స్వీడన్‌వారిది సీసమైతే మన వైపువారిది సగంలో తెగిన ద్విపద.

రసం, అలంకారం

వక్తలో రౌద్రం, శ్రోతలో భయానకం, తన వంతు వచ్చిందని తెలిసిన వెనకవాడిలో శాంతం. అలంకారం స్వభావోక్తి.

పాఠాంతరం

పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల ప్రతిలో “రండమ్మా, కూర్చోండి. ఈ టెస్టులన్నీ చేయించుకుని రండి, కౌంటర్లో డబ్బు కట్టేయండి” అని ఉంటుంది. మర్యాద పెరిగింది, వినికిడి పెరగలేదు. అవ్వ చెప్పదలచింది రెండు ప్రతుల్లోనూ లోపించింది గనుక భావంలో భేదం లేదు.

శంక, సమాధానం

శంక: వరుస తలుపు దాటి, వరండా దాటి, చెట్టు కింద దాకా ఉంది. రాత్రంతా డ్యూటీ చేసిన పీజీ కుర్రాడు పొద్దున ఓ.పి.లో కూర్చున్నాడు. ఒక్కొక్కరి కథా వింటే సాయంత్రానికి సగంమంది కూడా తేలరు కదా?

సమాధానం: నిజమే. కానీ తొందర వేరు, విసుగు వేరు. “చెప్పవ్వా” అనడానికి “ఏంది” కన్నా ఎక్కువ సేపు పట్టదు. పైగా వినకుండా రాసిన మందు పనిచేయకపోతే అదే అవ్వ వచ్చే వారం అదే వరుసలో నిలబడుతుంది. వరుస చెట్టు దాకా పోవడానికి అదీ ఒక కారణం.

ప్రాచీన ప్రమాణం

చికిత్సకు నాలుగు పాదాలన్నాడు చరకుడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పాదానికి నాలుగేసి గుణాలు. రోగికి ఉండవలసినవి జ్ఞాపకం, చెప్పినట్టు చేయడం, భయం లేకపోవడం, తన బాధను విప్పి చెప్పగలగడం. మన ఓ.పి.ల్లో రెండోదానికి మాత్రమే మార్కులు వేస్తున్నారు. బెదిరిపోయిన రోగి, నోరు పెగలని రోగి శాస్త్రరీత్యా గుణలోపం ఉన్నవాళ్లు. ఆ లోపాన్ని కసిరి మరీ కల్పించిన వైద్యుడు తన చికిత్సకు తానే ఒక పాదం విరగ్గొట్టుకున్నాడని సిద్ధాంతం.

నవీన స్మృతి

భారత వైద్య మండలి 2002 నియమావళి వైద్యుడికి ఓర్పు, సున్నితత్వం లక్షణాలుగా ఉండాలంటుంది. రోగ తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు. చేపట్టిన రోగిని నిర్లక్ష్యం చేయకూడదు. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చి అదే నెలలో ఆగిపోయింది గనుక పాత స్మృతికే మళ్లీ ప్రాణం వచ్చింది. మందుల పేర్లు చదవడానికి వీలుగా, కుదిరితే పెద్దక్షరాల్లో రాయాలన్న మాట 2016 సవరణలో ఉంది. చంద్రగిరి రాయల కాలంనాటి తిరుమల శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు చదివి పరిష్కరించగలిగారు. నిన్న రాసిన చీటీకి అంతటి పండితుడు మందులషాపులో తప్ప దొరకడు.

కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రోగుల హక్కుల పత్రాన్ని రాష్ట్రాలకు పంపింది. తన రోగమేమిటో తెలుసుకోవడం, ఇంకో వైద్యుణ్ణి అడగడం, మగ వైద్యుడు పరీక్షించేటప్పుడు ఆడ రోగి పక్కన ఇంకో ఆడమనిషి ఉండడం అందులో హక్కులు. “ఇంకో డాక్టరుకు చూపించుకుంటా” అనడం ద్రోహం కాదని దీనివల్ల స్పష్టం.

రోగి కర్తవ్యం

ఏది నొస్తోంది, ఎప్పటినుంచి, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నాం: ఈ మూడూ ఇంట్లోనే కాగితం మీద రాయించుకోవాలి. పాత చీటీలు, మింగేసిన మాత్రల అట్టలు సంచిలో వేసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద భయం ముందు చెప్పాలి. మన అవ్వలు మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టి, లేచి తలుపు దగ్గరికి పోయాక “రొమ్ములో గడ్డ మాదిరి ఉండాది సార్” అంటారు. అప్పటికే నెక్స్ట్ లోపలికొచ్చి ఉంటాడు.

తోడు ఒక మనిషి ఉండాలి. చరకుడి మూడో పాదానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. అవ్వ మరిచింది మనవరాలు చెబుతుంది, అవ్వకు వినబడనిది మనవరాలు వింటుంది.

కసిరినప్పుడు తిరిగి కసరకూడదు, లేచిపోనూ కూడదు. చెప్పవలసిన ప్రతిసూత్రం ఇది: “కోపం చేసుకోవద్దు సార్, బయంగా ఉండాది. ఇది ఏం రోగం? ఈ మాత్ర దేనికి? ఎట్లుంటే మళ్లా రావల్ల?” భయాన్ని పైకి చెప్పేయడం భయపడడం కాదని గ్రహించాలి. మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికి మంచి వైద్యుడికి ఒక్క నిమిషం చాలు.

అయినా ఫలించకపోతే ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంటుకు తేదీ వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేటులో అర్జీ పెట్టుకోవచ్చు. వైద్యుడి ప్రవర్తన మీద రాష్ట్ర వైద్య మండలికి రాయవచ్చు. డబ్బు తీసుకున్న ఆసుపత్రి సేవలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్ ఉంది, వైద్యం కూడా సేవేనని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. కసురు ఒక్కటే లోపం కింద నిలవడం కష్టం. కసురు వల్ల వినకుండా పోయినదేమిటో, దానివల్ల జరిగిన నష్టమేమిటో చూపాలి. ఇక చెయ్యెత్తడం ఏ పాఠంలోనూ లేదు. వైద్య సిబ్బంది మీద దాడులకు 2008 నుంచి మన రాష్ట్రంలో ప్రత్యేక చట్టమే ఉంది. దెబ్బ తినేది కూడా ఎక్కువగా రాత్రంతా మేలుకున్న ఆ పీజీ కుర్రాడే.

తాత్పర్యం

రోగి చెప్పే మాట వైద్యానికి ముందు జరిగే ఉపోద్ఘాతం కాదు, వైద్యంలో మొదటి భాగం. దాన్ని కత్తిరించి రాసిన చీటీ అవతలివాడి రోగానికి రాసినట్టే. కాబట్టి వైద్యుడి మంచితనం కోసం కాచుకోకుండా, రోగి తన మాటను పొట్టిగా, వరుసగా, వదలకుండా చెప్పాలని భావం.

ఫలశ్రుతి

ఈ టీకను ఓ.పి. చీటీ వెనక రాసుకుపోయినవారికి రోగం కుదురుతుందని చెప్పలేం. దేనికి మందు మింగుతున్నారో మాత్రం తెలుస్తుంది. వైద్యులెవరైనా చదివి “చెప్పవ్వా” అని తల ఎత్తితే, ఆ సాయంత్రం వరుస కొంచెం ఆలస్యంగా ముగుస్తుంది. వచ్చే వారం వరుస ఒక అవ్వ మేర పొట్టిదవుతుంది.