టామల్పైస్ కొండ దిగిన సైకిలు: ఒక ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న సైకిలు 1941లో అమెరికాలోని షికాగో నగరంలో, ష్విన్ సంస్థ కర్మాగారంలో ఎక్సెల్సియర్ అన్న పేరుతో పుట్టింది. పిల్లలు చదును వీధుల్లో తిరగడానికీ, పత్రికలు వేసే కుర్రవాళ్ళు బరువు సంచులతో ఇంటింటికీ వెళ్ళడానికీ ఉద్దేశించిన ఈ రకం బండ్లకు గట్టిదనమే ప్రధానం కనుక, ఉక్కు గొట్టాలు దళసరిగా ఉండేవి, మొత్తం బరువు ఇంచుమించు 20 కిలోలు తూగేది. దీనివి బెలూన్ టైర్లు. అంటే ష్విన్ సంస్థ 1933లో అమెరికా సైకిళ్ళకు ప్రవేశపెట్టిన, రెండంగుళాలకు మించిన వెడల్పు గల, తక్కువ గాలితోనే పనిచేసే లావుపాటి టైర్లు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నిటారుగా కాక బాగా వాలి ఉండటమూ, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉండటమూ దీని నిర్మాణంలోని మరి రెండు విశేషాలు. కుర్రవాళ్ళు దురుసుగా తొక్కినా తట్టుకోవాలని చేసిన ఈ ఏర్పాట్లే మూడు దశాబ్దాల తరువాత ఒక కొత్త క్రీడకు పునాది అయ్యాయి.

ఆ క్రీడ రూపుదిద్దుకున్నది కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలో. అక్కడి టామల్పైస్ పర్వతం ఎత్తు 784 మీటర్లే అయినా, అడవి మంటలను ఆర్పే వాహనాల కోసం వేసిన మట్టిదారులు దాని చుట్టూ అల్లుకుని ఉంటాయి. జో బ్రీజ్, గారీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటి యువకులు తారు రోడ్లపై పందేలకు తేలికపాటి సైకిళ్ళు తొక్కేవారే అయినా, 1970లలో పాత సామాన్లలో తుప్పు పట్టి పడి ఉన్న ఇటువంటి బండ్లను వెతికి తెచ్చి, మడ్‌గార్డులూ అలంకారాలూ ఊడదీసి, ఆ మట్టిదారుల్లో దిగసాగారు. అలా సిద్ధం చేసిన పాత సైకిలును వారు క్లంకర్ అనేవారు. ఈ ఎక్సెల్సియర్ కూడా అలాగే ఒక షెడ్డు మూల నుంచి బయటపడి, వడ్రంగం నేర్చుకుంటున్న ఒక యువకుడి చేతికి వచ్చింది. కొండదారిలో సైకిలు తొక్కిన అనుభవం అతనికి ఏమాత్రమూ లేదు.

కొత్తగా తొక్కేవాడి మనసు సైకిలుకు ముందుగా తెలిసేది హ్యాండిల్ పిడుల దగ్గర. భయపడినవాడు పిడులను బిగపట్టి, మోచేతులను వంచకుండా నిలిపి, ముందు చక్రానికి ఎదురుగా ఉన్న రాయి మీదే చూపు పెడతాడు. దానితో దారిలోని ప్రతి కుదుపూ నేరుగా భుజాలకు ఎక్కుతుంది, ఏ రాయిని తప్పించాలనుకున్నాడో సరిగ్గా ఆ రాయి మీదికే చక్రం పోతుంది. వడ్రంగి యువకుడు మొదట్లో బరువంతా సీటు మీద మోపి కూర్చునేవాడు. ఏటవాలులో అలా కూర్చుంటే బరువు ముందుకు జారి, వెనక చక్రం నేల మీద పట్టు కోల్పోతుంది. సీటును కిందికి దించి, పెడళ్ళు రెండింటినీ ఒకే మట్టంలో నిలిపి, వాటి మీద లేచి నిలబడి, నడుమును సీటు వెనక్కి జరపడం అతనికి మెల్లమెల్లగా పట్టుబడింది. అది పట్టుబడిన రోజున పిడుల మీద వేళ్ళు సడలాయి; కాళ్ళ నడుమ ఫ్రేము అటూ ఇటూ ఊగడానికి చోటు దొరికింది; వదులు కంకర మీద టైర్లు పక్కకు జారినా అతడు బెదరలేదు. అతని చూపు రాయిని వదిలి, దారి మలుపు దాకా వెళ్ళింది.

ఇష్టం పుట్టింది అక్కడే. ఈ క్రీడలోని ఆకర్షణ అంతా వేగంలోనే ఉందని బయటివారు భావించడం కద్దు గాని, ఆ భావన సరైనది కాదు. ఎండిన బురద గాడి చక్రాన్ని ఎక్కడ పట్టేస్తుందో, ఓక్ చెట్ల నీడలో తడి ఎక్కడ ఆరకుండా ఉందో చక్రం అక్కడికి చేరకముందే కనిపెట్టగలగడం, కనిపెట్టిన మేరకు ఒంటిని మలుచుకోగలగడం కొత్తవాడికి కలిగించే సంతోషం చాలా పెద్దది. అదే అతణ్ణి మరునాడు మళ్ళీ కొండకు రప్పిస్తుంది.

ఈ సైకిలుకు చేతిబ్రేకులు లేవు. ఉన్నదల్లా కోస్టర్ బ్రేకు. పెడళ్ళను వెనక్కి తొక్కితే, వెనక చక్రం నడుమ ఇరుసును చుట్టి ఉండే హబ్బు లోపలి భాగాలు ఒరుసుకుని చక్రాన్ని ఆపే ఏర్పాటు అది. వీధి మూలలో ఆగడానికి అది చాలు గాని, పొడవైన దిగుడులో ఆ ఒరిపిడికి హబ్బు కాగిపోయి, లోపలి గ్రీజు పొగలై పోయేది. ఫెయిర్‌ఫ్యాక్స్ పట్టణం దగ్గర 3 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే దాదాపు 400 మీటర్లు దిగే మట్టిదారి ఒకటి ఉంది. ఒకసారి దిగితే హబ్బులో మళ్ళీ గ్రీజు కూరుకోవలసి వచ్చేది కనుక దానికి రీప్యాక్ అన్న పేరు స్థిరపడింది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పోటీ జరిగింది. వడ్రంగి యువకుడు పోటీలకు దిగలేదు గాని, దిగివచ్చిన ప్రతిసారీ హబ్బు విప్పి, మాడి నల్లబడిన గ్రీజును గుడ్డతో తుడిచి, బేరింగు గుండ్లను కిరసనాయిలులో కడిగి, కొత్త గ్రీజును వేలితో కూరి బిగించేవాడు. బండి మీద మమకారం పెరగడానికి తొక్కడం కంటే ఈ పనే ఎక్కువ తోడ్పడిందని చెప్పవచ్చు.

దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఒక ఎత్తు. ఒకే గేరు ఉన్న సైకిలును కొండపైకి నెట్టుకుపోవడమో, ట్రక్కులో వేసుకుపోవడమో తప్ప మార్గం లేని రోజుల్లో, 1974 డిసెంబరులో మరిన్‌లో జరిగిన ఒక పోటీకి కూపర్టినో నుంచి వచ్చిన కొందరు తమ లావు టైర్ల సైకిళ్ళకు డెరైలర్లను, అంటే చైనును ఒక పళ్ళచక్రం మీదినుంచి మరొకదాని మీదికి మార్చే పరికరాలను, అమర్చుకుని వచ్చారు. తరువాత ఫిషర్ కూడా తన క్లంకరుకు గేర్లు బిగించుకున్నాడు. కొండను తొక్కుతూనే ఎక్కడం అలా సాధ్యమైంది.

1977లో జో బ్రీజ్ క్రోమియం, మాలిబ్డినం కలిసిన తేలికైన ఉక్కుతో కొండదారుల కోసమే ఒక కొత్త సైకిలును తయారుచేశాడు. దాని కొలతలకు ఎక్సెల్సియర్ ఫ్రేమే ఆధారం. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో కొండసైకిళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది. బ్రీజ్ చేసిన ఆ మొదటి సైకిలు ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది, ఆ గౌరవానికి అది అన్నివిధాలా తగినది. అయితే ఈ క్రీడ తొలి తరంలో నేర్పే గురువు లేడు, తొక్కినవారందరూ ఆ దారులకు కొత్తవారే, వారి కింద ఉన్నవి పత్రికల కుర్రవాళ్ళ బండ్లే. కాబట్టి వాటిని మొదటి అధ్యాయంలో చేర్చని కొండసైకిలు చరిత్ర అసంపూర్ణం. ఈ దారి పట్టదలచిన పాఠకులు ఖరీదైన బండి కోసం ఆగనక్కరలేదు. టైర్లు, బ్రేకులు సరిచూసుకుని, సీటు దించుకుని, రాళ్ళు తక్కువగా ఉన్న చిన్న దిగుడుతో మొదలుపెడితే చాలు.