రోమింగ్ ఎవరిది, బిల్లు ఎవరికి?

నిజామాబాద్ బస్టాండు దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి చూసి "ఏం రోమింగ్ రా ఇది?" అన్నారంటే వాడి జేబులో పైసా లేదని అర్థం. ఫోను రోమింగ్‌లో ఉందంటే జేబులో ఉన్న పైసలు పోతాయని అర్థం. ఇందులో మొదటి వాడకం కొన్నాళ్లుగా చెవినపడి తిక్క రేపుతోంది. వీడు పని లేక తిరుగుతున్నాడని అనేస్తారు గానీ, పనే వీణ్ణి వదిలేసి తిరగబోయిందేమో అని అడగరు. సాలూర దగ్గర మంజీర ఒడ్డున కూర్చున్న మనిషి అడుగు కదపకపోయినా, అతని ఫోను అవతలి మహారాష్ట్ర టవరును పట్టుకుంటే చాలు, రోమింగే. 2017 ప్రాంతంలో కంపెనీలు ఆ చార్జీలు ఎత్తేసేదాకా కూర్చున్నందుకూ బిల్లు పడేది. అంటే రోమింగ్ కాళ్లలో లేదు, టవరులో ఉంది.

బోధన్‌లో ఆ టవరు పేరు నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో వెలిసింది, ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు, 2015 డిసెంబరులో మూతపడింది. నరికిన చెరకు ఆగదు. రోజులు గడిచేకొద్దీ బరువూ తీపీ తగ్గిపోతాయి. అయినా పక్కనే ఫ్యాక్టరీని పెట్టుకుని కామారెడ్డి వైపు లారీ ఎక్కాల్సి వచ్చింది. చెరకును మాత్రం ఆవారా అని ఎవరూ తిట్టలేదు. పసుపు వేసుకోవచ్చుగా అంటారా? వేశారు. ధర రాలేదు. మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం తిరిగి తిరిగి, 2019లో ఏకంగా 178 మంది రైతులు నిజామాబాద్ నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. మొత్తం అభ్యర్థులు 185. ఇక్కడ కాసేపు ఆగి లెక్క వేయాల్సిందే. ఓటింగ్ యంత్రంలో ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు. అభ్యర్థులకు 185, నోటాకు ఒకటి, వెరసి 186. పదకొండు యూనిట్లు పెడితే 176 మీటలే, పది తక్కువ. అందుకని 12 పెట్టారు. అప్పుడు ఆరు మీటలు ఖాళీ. ఇంకో ఆరుగురు రైతులకు కోపం వచ్చి ఉంటే ప్రభుత్వ సొమ్ము వృథా అయ్యేది కాదు. ఇక ఓటరు, తన గుర్తు ఎనిమిదో యూనిట్లో ఉందో తొమ్మిదో దాంట్లో ఉందో వెతుక్కుంటూ ఆ వరస వెంట నడవాలి. ఓటు రహస్యం కనుక దారి అడగడానికీ లేదు. పోలింగ్ బూత్‌లోనే రోమింగ్ పెట్టించిన జిల్లా మరొకటుంటే చూపించండి. ఇంతా చేస్తే పసుపు బోర్డు 2025 సంక్రాంతికి వచ్చింది.

బతకాలనుకున్నవాడు గల్ఫ్ పోలేదా అని ఇంకో ప్రశ్న. పోయాడు, ఈ జిల్లాలో ఊరూరి నుంచీ పోయాడు. డబ్బు పంపుతున్నాడు కనుక అతనిది రోమింగ్ కాదు, కష్టం. కానీ కోరుకుని పోవడం వేరు, ఊళ్లో కాలు నిలవక పోవడం వేరు. కూతురు మాటలు నేర్వడాన్ని దుబాయ్ గదిలోంచి ఫోనులో విన్న తండ్రికి ఆ కాలం ఎవరు తిరిగిస్తారు? ఆ చార్జీ ఎత్తేసే కంపెనీ ఇంకా పుట్టలేదు.

ఇక ఫ్యాక్టరీ తెరవడానికి దారి చూడమని 2024లో మంత్రుల కమిటీ వేశారు. అదేం చెరకు కాదు కదా, ఎన్నాళ్లు ఆగినా బరువు తగ్గదు.