శునక పరిగ్రహ విధి

కుక్కను పెంచవలెనను కోరిక గృహస్థునకు ఎప్పుడు పుట్టునో శాస్త్రకారులు చెప్పలేదు గాని, కడప మండలమున మాత్రమది సాధారణముగా ఎదురింటివారు కుక్కను తెచ్చిన మరునాడు పుట్టుచున్నది. అట్టి కోరికకు లోనైన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాస్తవ్యుల హితము గోరి, లోకమున ప్రత్యక్షముగా కనబడుచున్న ఆచారములనే ప్రమాణముగా గైకొని ఈ విధిని కూర్చుచున్నాను. ఇందు నా కల్పన స్వల్పము. నలుగురు నడచుచున్న త్రోవయే అధికము.

ముందుగా జాతినిర్ణయము. ఇంటి వైశాల్యము, యజమానుని తీరిక, ఊరి ఎండ అను మూడింటిని విచారింపవలెనని పశువైద్యులు చెప్పుదురు. వారి మాట అటుంచుడు. వీధిలో పదిమంది తల త్రిప్పి చూచునదియే ఉత్తమజాతి. ఈ లక్షణమున సైబీరియా హస్కీని మించినది లేదు. మంచునేలలపై బండ్లను లాగుటకై తరతరములుగా పెంపబడి, ఒంటిపై రెండు పొరల బొచ్చును ధరించి, 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణమున కంఠసర్పి ప్రబలినప్పుడు సుమారు 670 మైళ్ల దూరము మందును అంచెలంచెలుగా చేరవేసిన శునకసమూహములలో పాలుపంచుకొన్న ఆ జాతిని, వైశాఖమాసపు మధ్యాహ్నమున, ఎండ 43 డిగ్రీలు దాటి, నాపరాళ్లపై మనుష్యుడే చెప్పులు లేక అడుగు మోపజాలని వేళ, మైదుకూరు రోడ్డున నడిపించుకొని పోవుటలో గల వైభవము అన్యత్ర దుర్లభము. కుక్కకు మనకు వలె ఒడలెల్ల చెమట పట్టదు. అరికాళ్ల మెత్తలలో పట్టు కొద్దిపాటి చెమట దాని తాపమునకు చాలదు. నాలుక జాపి వగర్చుటయే అది ఒంటిని చల్లార్చుకొను ముఖ్యోపాయము. ఆ వగర్పును చూచి, కుక్క మంచి హుషారుగా నున్నదని సంతోషింపుడు.

హస్కీని కొనుటకు చేతిలో పైకము చాలనివారు పగ్‌ను కొనవచ్చును. 2003 ప్రాంతమున ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాని వెంట నడచినది మొదలు దాని అసలు పేరు మరుగుపడి, మనవారికది హచ్ కుక్కగానే పరిచయము. చూపరుల ముచ్చట కొరకు దాని ముట్టెను తరతరములుగా నొక్కి నొక్కి చదును చేసిరి గనుక, ఇందాక చెప్పిన వగర్పుకు సయితము దానికి మార్గమిరుకు. నిద్రలో అది తీయు గురకను ఇంటిల్లిపాదియు కూర్చుండి వినుట వినోదములలో ఒకటి. ఇక అప్పుల వసూలునందు అభిరుచి గలవారికి డాబర్‌మన్ తగినది. పందొమ్మిదవ శతాబ్దాంతమున జర్మనీలోని అపోల్డా ఊరి పన్నుల వసూలుదారొకడు తన పనికి తోడుగానే దానిని సృష్టించెనని ప్రసిద్ధి గదా, వంశపారంపర్యమైన యోగ్యత.

నాటుకుక్కను మాత్రము ఎంతమాత్రము పరిగణింపరాదు. ఈ ఎండయే దానిని వేల యేండ్లుగా ఏరి తీర్చినది. పొట్టి వెండ్రుకలు, బక్క ఒళ్లు, పొడుగు కాళ్లు, ఉన్ననాడు తిని లేనినాడు ఓర్చు కడుపు దానికి కలవు. ఇన్ని యుండియు వెల లేదు. వెల లేనిదానిని గూర్చి పెండ్లిండ్లలోనేమి, అరుగులమీదనేమి ఎవరితో చెప్పుకొందుము?

కొనుగోలు విషయమున ప్రొద్దుటూరువారికి ప్రత్యేకముగా ఒక మాట. రెండవ బొంబాయి యని పేరువడ్డ ఆ ఊరిలో అర తులము ఉంగరమునకు బయలుదేరిన ఇల్లాలు నాలుగు అంగళ్లు తిరుగును, గీటురాయి అడుగును, తరుగెంత, మజూరీ యెంత, రాయి బరువు కలిపితిరా తీసితిరా యని షరాబు నోట మాట రాకుండ చేయును. ఈ విద్యను కుక్కపిల్ల యొద్ద ప్రయోగింపరాదు. తల్లిని చూపుమనరాదు. వయస్సు అడుగరాదు, ఎనిమిది వారములైనను తల్లి యొద్ద పెరుగని పిల్ల కరచుటకును బెదరుటకును అలవాటుపడునను సంగతి అమ్మువానికి తెలియును, అతనిని ఇబ్బంది పెట్టనేల? పార్వో టీకా పడినదా, నులిపురుగుల మందు వేసితివా యనుట మర్యాద కాదు. కాగితము అడుగదలచితిరా, అది జాతి కాగితమే కావలెను; టీకా కాగితమును గోడకు వ్రేలాడదీసిన నెవ్వరు చూతురు?

తెచ్చిన పిమ్మట దానితో సంభాషించు భాష నిర్ణయింపవలెను. ప్రొద్దుటూరికి చేరువనే, కలమళ్ల గ్రామమున, క్రీ. శ. 575 నాటిదని పండితులు నిర్ణయించిన తొలి తెలుగు శాసనము కలదు. రాతికి వచ్చిన తెలుగు కుక్కకు రాకూడదు. "సిట్", "కమాన్", "నో" అని మాత్రమే పలుకవలెను. ఇంటిలోని అవ్వ "ఇట్ల రాబ్బీ" అని పిలిచిన వెంటనే అది తోక యాడించుచు పోయి ఆమె కాళ్లకడ పండుకొనుట నేను చూచితిని గాని, అట్టివి అపవాదములు.

ఆహారము. రాగిసంగటిలో ఇంత మజ్జిగ, ఉడికించిన మాంసపు తునక కలిపి పెట్టుట పాత పద్ధతి, చూచువారికి చిన్నచూపు. ఆదివారమునాటి బిరియాని ఎంగిలిని ఎముకలతో గూడ కుమ్మరింపుడు. ఉడికిన కోడి యెముక చీలికలై పేగులను కోయును. ఉల్లియు వెల్లుల్లియు కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను విరుగగొట్టును. ఎండుద్రాక్ష మూత్రపిండములను చెఱచును. చాక్లెట్ గుండెను అదరగొట్టును. ఇవన్నియు ప్రేమతో పెట్టినవే గనుక దోషము లేదు. అటుపై అది సొమ్మసిల్లినచో ఎవరిని అడుగవలెనను సందేహమే లేదు. ప్రొద్దుటూరున 2008లో స్థాపితమైన పశువైద్య కళాశాల యున్నది, పులివెందులలో పశుపరిశోధనకై వెలసిన కేంద్రము ఉన్నది. కావున మందుల అంగడి కుఱ్ఱవానిని అడుగుడు.

వ్యాయామమునకు వాగ్దానము చాలును. తెల్లవారుజామున అయిదు గంటలకే లేచి త్రిప్పెదమని పిల్లలు ప్రమాణము చేయుదురు. 2007 మొదలు ఉక్కు కర్మాగారమునకు ప్రభుత్వము మాఱినప్పుడెల్ల శంకుస్థాపన చూచుచు వచ్చిన జమ్మలమడుగు ప్రాంతమువారికి ఇట్టి ప్రమాణములను వినుటలో మంచి అనుభవము కలదు. నాలుగవ రోజున గొలుసు తెప్పింపుడు.

గొలుసును గూర్చి పులివెందుల చీనీతోటలవారు చెప్పగా వినవలెను. మోటరు గది ప్రక్కన, మూడు మూరల గొలుసుతో రేయింబవళ్లు కట్టివేసిన కుక్కకు గాలి కదలినను కోపము వచ్చును. ఆ కోపమునే మనము కాపలా యందుము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, మితిమీరిన పొట్టి గొలుసుతోగాని బరువైన గొలుసుతోగాని అనుచితమైన కాలము జంతువును కట్టుటను, నిత్యము కట్టియుంచిన కుక్కకు నడక లేకుండ చేయుటను గూడ నేరములుగా ఎంచినది. భయపడకుడు. మొదటిసారి జరిమానా పది రూపాయలకు తక్కువ కాదు, యాబదికి మించదు. గొలుసు వెల అంతకంటె నెక్కువ.

కుక్క పొడ గిట్టనివారు చిలుకను పంజరమున బెట్టుకొనుటయో, అదృష్టము కలిసివచ్చునని నక్షత్ర తాబేలును తొట్టిలో వేసికొనుటయో కలదు. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి వచ్చును. అచ్చట మాట యాబది రూపాయలతో తీరదు, చెఱసాల దాక పోవచ్చును. అదృష్టమున కొన్ని రకములు కలవు.

కాటు విషయమున తొందరపాటు కూడదు. మూడవ నెలలో వేయింపవలసిన రేబిస్ టీకాను మఱచిన కుక్క ప్రక్కింటి పిల్లవానిని కరచినచో, మొదట అది మన కుక్క కాదనుడు. అది సాగనిచో పిల్లవాడే ఱాయి విసరెననుడు. పిమ్మట గాయముపై కారము అద్దింపుడు. పాశ్చరు 1885లో కనుగొన్న త్రోవ వేఱు: సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, అదే పూట ఆసుపత్రికి పోయి సూది వేయించుకొనుట, గడువు తప్పక మిగిలిన సూదులకును పోవుట అని నేటి వైద్యులు ఆ త్రోవను పొడిగించిరి. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ వ్యాధి నుండి బ్రతికి బట్టకట్టినవారు అత్యంత విరళము గనుక, వైద్యులు ఈ విషయమున హాస్యమును సహింపరు. నేనును ఈ ఒక్క చోట వారి పక్షమే.

తుదకు వియోగము. పెద్దవానికి బెంగుళూరులో ఉద్యోగమగును, సంసారము కదలవలసి వచ్చును. కుక్కలు గలవారికి స్వర్గమున చోటు లేదని ఇంద్రుడు ధర్మరాజుతో చెప్పిన మాటనే బెంగుళూరు ఇండ్ల యజమానులును చెప్పుదురు. ధర్మరాజు కుక్కను విడిచి రథమెక్కననెను. ఆయన అద్దెకు బయానా ఇచ్చియుండలేదు. మనకట్టి వెసులుబాటు లేదు గనుక, సాయంకాలము కారులో నెక్కించి, పెన్న దాటించి, కిటికీ నుండి తల బయటపెట్టి అది గాలిని అనుభవించుచుండగా దూరపు ఊరి పొలిమేర చేర్చి, ఒక బిస్కట్టు విసరి, తలుపు వేసికొని రావలెను. ఆకలిదప్పులకు జంతువును విడిచిపెట్టుట సయితము పైన చెప్పిన చట్టమున నేరమే, జరిమానాయు అంతయే. అయితే మొదటి నేరము జరిగిన మూడేండ్లలోపల మఱల అదే పని చేసినచో జరిమానా నూరు రూపాయల వరకును, శిక్ష మూడు నెలల వరకును పెరుగును. కావున రెండవ కుక్కను విడువదలచినవారు నాలుగవ యేడు వచ్చువరకు దానిని ఎట్లో ఓర్చుకొనవలెను.