‘ర్యామ్ వేస్తే సరిపోతాదా’ – టీకా తాత్పర్య సహితం

మూలం

“నా, సిస్టం శానా స్లో అయిపోయిండాది. ఇంకో ర్యామ్ వేస్తే సరిపోతాదా, కొత్తదే తీసుకోవల్లా?”

అవతారిక. తిరుపతి, చిత్తూరు కంప్యూటర్ దుకాణాల కౌంటర్ల దగ్గర తరచు వినబడే వాక్యమిది. దీనికి కర్త ఒక్కరు కారు. నెట్ సెంటరు యజమాని, డీటీపీ ఆపరేటరు, పిల్లల చదువు కోసమని ఎప్పుడో అసెంబుల్ చేయించిన గుమాస్తా, ముగ్గురూ దాదాపు ఇవే మాటలు పలుకుతారు. ముగ్గురికీ జవాబు ఒకటి కాదు గనుక వ్యాఖ్యానం అవసరమైంది. స్కూటరు మీద కాళ్ల మధ్య ఇరికించుకొని తెచ్చిన క్యాబినెట్‌ను కౌంటరు మీద దించి, చెమట తుడుచుకుంటూ ఈ మాట అనడం సంప్రదాయం. ఆయుధపూజనాటి కుంకుమ బొట్టు ఆ క్యాబినెట్ మీద ఇంకా చెరగకుండా ఉంటుంది.

ప్రతిపదార్థం. నా = అన్నా (దుకాణదారు వయసులో చిన్నవాడైనా సరే); సిస్టం = మానిటరు మినహా తక్కిన పెట్టె, జనవ్యవహారంలో సీపీయూ; శానా = మునుపటికంటే మిక్కిలి, బావమరిది కొత్త ల్యాప్‌టాప్ కంటే అని కొందరు; స్లో అయిపోయిండాది = స్విచ్ వేసి, టీ తాగి వచ్చేదాకా వాడకానికి రాకున్నది; ఇంకో ర్యామ్ = ఉన్నదానికి తోడుగా మరొక 4 జీబీ స్టిక్కు; వేస్తే = మదర్‌బోర్డులో ఖాళీ స్లాటు ఉన్న పక్షంలో గుచ్చితే; సరిపోతాదా = తక్కువ ఖర్చుతో ఇంకో రెండేళ్లు నెట్టుకు రాగలమా; కొత్తదే తీసుకోవల్లా = అక్కర్లేదని చెప్పి పుణ్యం కట్టుకోవలసిందని ప్రార్థన.

పాఠాంతరం. కొందరి నోట ‘ర్యామ్’కు మారుగా ‘మెమరీ’ అని వినిపిస్తుంది. ఈ పాఠం గ్రాహ్యం కాదు. మెమరీ అంటే ఫొటోలు, సినిమాలు దాచుకునే చోటని, అనగా హార్డ్‌డిస్కు అని, అర్థం చేసుకునేవారు చాలామంది. సీ డ్రైవ్ నిండిందని ర్యామ్ కొనేవారు ఈ పాఠభేదం వల్లనే నష్టపోతున్నారు. ర్యామ్‌లో ఉండేది కరెంటు పోయేదాకానే ఉంటుంది.

టీక. ‘స్లో’ అనే పదం దగ్గరే అసలు చిక్కంతా. ఆ మందగతి ఎక్కడ పుడుతున్నదో తేలకుండా మందు చెప్పరాదు. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన వేళ నెట్ సెంటరులో తెర కదలదు. అది సర్వరు దగ్గరి వరస. వంతు వచ్చేదాకా 2 జీబీ వాడూ 64 జీబీ వాడూ అక్కడ సమానులే. ఈ కారణం మీద ర్యామ్ కొన్న నెట్ సెంటరు యజమానికి దక్కేది బిల్లు మాత్రమే.

ర్యామ్‌తో నయమయ్యే మందగతి ఒక్కటే. తెరిచిన ప్రోగ్రాములకు ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత భారాన్ని హార్డ్‌డిస్కు మీది పేజ్ ఫైల్‌కు తరలిస్తుంది. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. తిరుగుడు హార్డ్‌డిస్కు నుంచి దాదాపు 10 మిల్లీసెకన్లు. తేడా లక్ష రెట్లు. మౌస్ బాణం గిరగిర తిరిగే చక్రంగా మారి, క్యాబినెట్ మీది ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూ లోపల కరకరమని వినిపించే స్థితి ఇదే.

దీనికి ప్రత్యక్షమే ప్రమాణం. దుకాణదారు అనుమానం కాదు. రోజూ చేసే పనంతా తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ 85, 90 శాతం దాటి, డిస్కు కూడా 100 దగ్గర ఆగిపోతే ర్యామ్ చాలడం లేదని అర్థం. మెమరీ సగమే నిండి డిస్కు మాత్రం 100లో ఉంటే దోషం హార్డ్‌డిస్కుది. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. రెండూ ఖాళీగా ఉండి ప్రాసెసరు నిండితే రెండూ కొననక్కర్లేదు. విండోస్ 10లో అదే పేజీ, స్లాట్లు ఎన్ని, వాటిలో నిండినవెన్ని అనేది కూడా చూపుతుంది. విప్పకముందే తెలిసే సంగతిని విప్పి చూడడానికి కూలీ ఇవ్వడం దేనికి?

దృష్టాంతం: తిరుమల వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పంక్తి నిండి బయట జనం నిలబడినప్పుడే హాలు పెంచితే ఫలం. సగం ఆకులు ఖాళీగా ఉండగా హాలు పెంచితే వడ్డన వేగం పెరగదు.

ఇక డీటీపీ ఆపరేటరు విషయం. అతడు పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు చేసేవాడైతే ర్యామ్ ప్రసక్తే లేదు. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రాము. మామూలుగా 2 జీబీకి మించి అది తాకదు. అతడే ఫొటోషాప్‌లో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు చేసేవాడైతే లెక్క తారుమారవుతుంది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే సుమారు 15 కోట్ల పిక్సెళ్లు. నాలుగు రంగుల సీఎంవైకేలో పిక్సెల్‌కు 4 బైట్లు. నేపథ్యం ఒక్కటే దాదాపు 600 ఎంబీ. ఆపైన నాయకుడు, ఆయన పక్కన పెద్దనాయకుడు, కింద వరసగా అభిమానుల తలకాయలు. ఒక్కొక్క తలకూ ఒక లేయరు. ఇక్కడ 8 జీబీ కూడా చాలదు, 16 కావాలి.

‘వేస్తే’ అన్న క్రియలో ఎన్నో షరతులు దాగి ఉన్నాయి. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. మధ్య గాడి స్థానం వేరు. ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ పిన్నుల సంఖ్య 288యే అయినా గాడి కలవదు. ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డులు 16 జీబీ వరకు తీసుకుంటాయి. అంతకుముందరి జీ41కు హద్దు 8. పైగా దానికి రెండు వైపులా కలిపి 16 చిప్పులున్న 4 జీబీ స్టిక్కు కావాలి; 8 చిప్పులదైతే సాధారణంగా పలకదు. వేగంలో ఉన్నది 1333, కొత్తది 1600 అయితే రెండూ 1333 దగ్గరే నడుస్తాయి. 32 బిట్ విండోస్ ఉన్న యంత్రంలో ఎన్ని జీబీలు గుచ్చినా అందేది 4 లోపే; ముందు 64 బిట్ వేయాలి.

కొనకముందు చేయవలసిన ఉపచారం ఒకటుంది. బీప్ బీప్‌మని అరుస్తూ తెర రాని సిస్టమ్‌ను ఎంత పాత మెకానిక్ అయినా మొదట పక్క డోరు తీసి దుమ్ము ఊదుతాడు. స్లాటుకు రెండు చివరలా ఉన్న తెల్ల క్లిప్పులు వెనక్కి నొక్కి స్టిక్కు పీకుతాడు. బడిపిల్లల రబ్బరుతో బంగారు పళ్లను నాలుగుసార్లు రుద్ది, టక్‌మని శబ్దం వచ్చేదాకా మళ్లీ నొక్కుతాడు. చాలాసార్లు వైద్యం అక్కడితో సరి. ర్యామ్ పోయిందని కొత్తది అమ్మేవాడు ఈ రబ్బరు సంగతి చెప్పడు.

పూర్వపక్షం. ‘పాతదాని మీద పెట్టే డబ్బు వృథా, కొత్తదే మేలు’ అని దుకాణదారుల మతం. మల్లినాథసూరి తన వ్యాఖ్యల్లో మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. దుకాణదారుకు అటువంటి నియమం లేదు. ర్యామ్ అడిగినవాడికి రంగుదీపాల క్యాబినెట్ గురించి చెబుతాడు. అయినా ఈ మతంలో బలం లేకపోలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే ర్యామ్ 4 జీబీయే. కానీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసరు కూడా అడుగుతుంది. హెచ్61 యంత్రంలో 16 జీబీ నింపినా ఈ గడప దాటదు. బ్యాంకు లావాదేవీలు చేసే నెట్ సెంటరుకు ఇది చిన్న విషయం కాదు.

ఉత్తరపక్షానికీ బలముంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరినుంచి కొత్త ర్యామ్ ధరలు మండిపోయాయి. వినియోగదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండు వ్యాపారం మానేస్తున్నట్టు ర్యామ్ తయారుచేసే మైక్రాన్ ఆ డిసెంబరులో ప్రకటించింది. కొత్త సిస్టమ్‌లో ఉండేదీ ఆ ఖరీదైన ర్యామే. పాత డీడీఆర్3 మాత్రం సెకండ్స్‌లో దొరుకుతూనే ఉంది.

అలంకారం: సందేహం. రసం: కొనేవాడికి కరుణ, అమ్మేవాడికి వీరం.

తాత్పర్యం. సిస్టమ్ ఇంకా హార్డ్‌డిస్కు మీద నడుస్తున్నట్లయితే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీకి పెట్టాలి. ర్యామ్ 4 జీబీ అయితే 8 చేయాలి; ఇంటి వాడకానికి అంతకుమించి వద్దు. 8 ఉండి ఫ్లెక్సీ పని చేసేవారు, బోర్డు ఒప్పుకుంటే, 16కు పోవచ్చు. జీ41, ఇంకా పాత బోర్డులకు పైసా పెట్టరాదు. ఎనిమిదో తరం దాటిన యంత్రానికి నిశ్చింతగా పెట్టవచ్చు. పై రెంటికీ మధ్య ఉన్నవాటిలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ కలిపి కొత్తదాని ధరలో నాలుగో వంతు దాటితే మానుకోవాలి. ధర తక్కువని చెన్నై రిచీ స్ట్రీట్‌కు రైలెక్కేవారు పాత స్టిక్కును పీకి వెంట తీసుకుపోవడం మంచిది; అక్కడ కొని ఇక్కడ గుచ్చాక సరిపోకపోతే మార్చుకోవడానికి మళ్లీ చెన్నైకే పోవాలి.