రంగుల బొమ్మల ఉద్యోగం

మా పెదనాన్న లెక్క ప్రకారం నేను ఇంగ్లండ్‌లో విమానాలు తయారు చేస్తున్నాను. బంధువులందరికీ అలాగే చెప్పారు. కాదనబోతే, "మరి జీతం దేనికిస్తున్నార్రా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

నేను చేసేది విమానం కాదు, రెక్క కాదు, రెక్కలో ముక్క కూడా కాదు. అలాంటి ముక్క తయారయ్యేటప్పుడు ఎక్కడ చెడిపోతుందో కంప్యూటర్లో ముందే చెప్పడం నా పని. వెంట్రుకలో పదో వంతు మందమున్న కార్బన్ పోగుల గుడ్డను అచ్చులో పరిచి, మూత బిగించి, ఒత్తిడితో రెసిన్ అనే జిగురు ద్రవాన్ని ఎక్కిస్తారు. వేడికి అది గట్టిపడుతుంది. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం ఇలా పోగులూ రెసినూ కలిసిన కాంపోజిట్లే. కాబట్టి గుడ్డంతా రెసిన్‌తో తడవాలి.

తడవదు. అందుకే నాకు ఉద్యోగం.

రెసిన్‌కి క్రమశిక్షణ తక్కువ. గుడ్డ అంచుకీ అచ్చు గోడకీ మధ్య కాస్త సందు దొరికిందా, సిగ్నల్ దగ్గర ఫుట్‌పాత్ ఎక్కేసే అమీర్‌పేట బైకువాడిలా దూరిపోయి అవతలికి ముందే చేరుతుంది. మధ్యలో గాలి చిక్కుకుని గుడ్డ పొడిగా మిగిలిపోతుంది.

ఈ ప్రవాహాన్ని లెక్కగట్టడానికి మాకున్నది డార్సీ సూత్రం. హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు దిజోన్ ఊరి మంచినీళ్ల గురించి 1856లో వేసిన పుస్తకంలో, ఇసుకలోంచి నీళ్లు ఎలా దిగుతాయో చెప్పాడు. పాపం, ఆయన విమానాన్ని ఊహించి ఉండడు. సూత్రం సులువే. చిక్కంతా అందులోని పర్మియబిలిటీతో, అంటే గుడ్డ రెసిన్‌ని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకెతో. ఒకే గుడ్డను వేర్వేరు ప్రయోగశాలలు కొలిస్తే పదిరెట్ల దాకా తేడా వచ్చిందని 2011లో ఒక పరిశోధన పత్రం బయటపెట్టింది. తర్వాత అందరూ ఒకే పద్ధతిలో కొలిచేసరికి తేడా బాగా తగ్గిందనుకోండి. ఆ అంకెను పట్టుకునే నేను, అచ్చు నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో దశాంశాలతో సహా చెబుతాను. చెప్పేటప్పుడు గొంతు వణక్కుండా చూసుకోవడం పీహెచ్‌డీలో నేర్పిస్తారు.

ఉద్యోగ ప్రకటనలో ఇవేవీ ఉండవు. స్వతంత్రంగా పనిచేయాలి, బృందంతో కలిసి పనిచేయాలి అని ఒకే వాక్యంలో ఉంటుంది. రెండేళ్ల కాంట్రాక్టు. మొదటి ఏడు సాఫ్ట్‌వేర్ లైసెన్సు కోసం ఎదురుచూపులు, రెండో ఏడు తర్వాతి ఉద్యోగానికి దరఖాస్తులు. సందు దొరికితే పరిశోధన.

మా వర్క్‌షాపులో ఒక టెక్నీషియన్ ఉన్నాడు. గుడ్డ పరుస్తూ బొటనవేలితో నొక్కి చూసి, "ఈ మూల తడవదు" అనేస్తాడు. నా సిమ్యులేషన్ రాత్రంతా నడిచి, తెల్లారి అదే మూలలో ఎర్రమచ్చ చూపించింది. చిన్నబోయిన మొహంతో తీసుకెళ్లి చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. గాలి పోయే రంధ్రాన్ని ఆ మూలకి జరపమని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాడట. పైవాళ్లలో ఒక్కరూ వినలేదట.

"దీన్ని రంగుల్లో ప్రింటు తీసివ్వు, పెద్ద సైజులో" అన్నాడు.

తీసిచ్చాను. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, పేరు ముందు డాక్టర్ అని కూడా రాయమన్నాడు.