లెక్కల కోసం పిలిస్తే నాటకం కోసం వెళ్ళాను

బ్రిటన్‌లో ఊరూరా తిరిగి నాటకాలు ఆడే ఒక జాతీయ స్థాయి సంస్థ నన్ను తన ట్రస్టీల బోర్డులోకి తీసుకుంది. సంస్థ పేరు రాయను. తెలివితక్కువ పని చేసింది నేను, వాళ్ళను ఇందులోకి లాగడం న్యాయం కాదు. వృత్తి రీత్యా నేను చార్టర్డ్ అకౌంటెంటును. వాళ్ళకు కావలసిందీ అదే. ధార్మిక సంస్థల జమాఖర్చులు తెలిసినవాళ్ళు కావాలనీ, జీతం ఉండదనీ, దారి ఖర్చులు మాత్రం ఇస్తామనీ ప్రకటనలోనే రాశారు. ఇంటర్వ్యూలో అధ్యక్షురాలు అడిగినవి కూడా ఎక్కువగా లెక్కల సంగతులే. నేను మాత్రం ప్రతి జవాబునూ బళ్ళారి రాఘవ దగ్గరికో, సురభి వాళ్ళ దగ్గరికో, తెనాలిలో తెల్లవార్లూ సాగిన పద్యనాటకాల దగ్గరికో తీసుకుపోయాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. నా నాటకాభిమానం చూసే నన్ను ఎంచుకున్నారని అనుకుంటూ రైలెక్కాను.

ఇక్కడ ట్రస్టీ పదవి గౌరవానికి ఇచ్చే కుర్చీ కాదు. సంస్థ డబ్బుకూ, ఆస్తికీ, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనికీ చట్టం ముందు జవాబు చెప్పుకోవలసింది ట్రస్టీలే. ఇంగ్లండు, వేల్సు ధార్మిక సంస్థలను అజమాయిషీ చేసే చారిటీ కమిషన్ కొత్త ట్రస్టీల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించింది. దాన్ని నేను చదవడమే కాదు, ఎన్నో ఏళ్ళుగా నా క్లయింట్లకు విడమరిచి చెబుతున్నాను. ఏ నాటకం ఆడాలి, ఎవరు నటించాలి, ముగింపు ఎలా ఉండాలి అన్నవి కళాదర్శకురాలి పనులు. ఆ పని చేయడానికి ఆమె చేతిలో డబ్బు ఉందా, రేపు కూడా ఉంటుందా అని చూడడం మా పని. ఇది తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మరి నా పని వదిలేసి ఆమె పనిలోకి ఎందుకు వెళ్ళాను? దానికి జవాబు తెనాలిలో ఉంది. మా నాన్న రైసుమిల్లులో గుమస్తా. సాయంత్రాలు ఒక నాటక సమాజానికి లెక్కలు రాసేవాడు. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు మాది. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు ఆడిన రామవిలాస సభ కూడా మా ఊరిదే. అలాంటి ఊళ్ళో ఉండి మా నాన్న ఒక్క నాటకమూ చివరిదాకా చూడలేదు. రాయబారం సీను మొదలై, రెండో కృష్ణుడు రంగం మీదికి వచ్చి, జనం వన్స్‌మోర్ అని అరిచే వేళకు ఆయన పందిరి వెనక గుడారంలో గేటు కలెక్షను లెక్కపెడుతూ ఉండేవాడు. కాంట్రాక్టరు వాటా, హార్మోనిస్టు బత్తెం, తెరలవాడి అడ్వాన్సు, లైట్ల అద్దె. నేను ముందు వరసలో చాప మీద కూర్చుని ఆయన మీద జాలిపడేవాణ్ణి. పెద్దయ్యాక నేనూ లెక్కల్లోకే వచ్చాను. అయితే నాటకం దగ్గరికి వెళ్ళే రోజంటూ వస్తే గుడారంలో కూర్చోను, ముందు వరసలోనే కూర్చుంటానని లోపల ఎక్కడో నిర్ణయించుకున్నాను.

ఈ దేశంలో ఆ కోరికను మళ్ళీ లేపింది 2011 ఈస్టరు. వేల్సులోని ఉక్కు పట్టణం పోర్ట్ టాల్బట్‌లో నేషనల్ థియేటర్ వేల్స్ వాళ్ళు ఆ ఊరి బిడ్డ మైకేల్ షీన్‌తో కలిసి ‘ది ప్యాషన్’ అనే నాటకాన్ని మూడు రోజులపాటు సముద్రపు ఒడ్డునా, వీధుల్లోనూ, క్లబ్బులోనూ ఆడారు. వృత్తి నటుల పక్కన ఊరివాళ్ళు వందలాదిగా నటించారు. చూడడానికి వచ్చినవాళ్ళు నాటకం వెంట నడిచారు. సొంత భవనం లేకుండా, ఊరినే రంగస్థలం చేసుకునే జాతీయ నాటకశాల ఒకటి ఉండగలదని అప్పుడే నా కళ్ళతో చూశాను. స్కాట్లండులో 2006 నుంచీ అదే పద్ధతి. లండన్ నేషనల్ థియేటర్ కథ వేరు. 1848లో మొదటి ప్రతిపాదన, 1949లో చట్టం, 1963లో లారెన్స్ ఒలీవియే నాయకత్వాన సంస్థ, 1976లో థేమ్స్ ఒడ్డున కాంక్రీటు భవనం. ఒక ఆలోచన గోడలుగా లేవడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. నాకు మాత్రం గోడలు లేని రకమే ప్రాణం. మా సురభి వాళ్ళు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, కుటుంబాలకు కుటుంబాలు తెరలూ పెట్టెలూ బండ్లకెత్తుకుని తిరిగినవాళ్ళే కదా!

బోర్డులో చేరాక మా ముందుకు వచ్చిన మొదటి కొత్త నాటకం ఒక యువ రచయిత్రిది. గని మూతపడిన ఊళ్ళో ఒక తల్లి, ఇద్దరు కొడుకుల కథ. బోర్డుకు దాన్ని పంపింది సమాచారం కోసమే. నేను రాత్రంతా కూర్చుని చదివాను. ముగింపులో పెద్దకొడుకు తల్లిని వదిలి వెళ్ళిపోతాడు. అది నాకు భరించరానంత కఠినంగా తోచింది. చిన్న ఊళ్ళలో కుటుంబాలతో వచ్చేవాళ్ళకు ఇలాంటి ముగింపు నచ్చదని సమావేశంలో అన్నాను. అధ్యక్షురాలు, అది కళాదర్శకురాలు చూసుకుంటారని మెల్లగా చెప్పింది. అక్కడితో ఊరుకోవలసింది. ఇంటికి వచ్చి కళాదర్శకురాలికి పెద్ద ఉత్తరం రాశాను.

బోర్డులు ఇలా వేలు పెట్టినప్పుడు ఏమైందో నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను. డబ్లిన్ ఆబీ థియేటర్ 1928లో షాన్ ఓకేసీ నాటకం ‘ది సిల్వర్ టాసీ’ని తిప్పి పంపింది. తిరస్కరించిన డైరెక్టర్లలో మహాకవి యేట్స్ ఉన్నాడు. అంతకుముందు ఓకేసీ నాటకాలే ఆ థియేటర్‌ను జనంతో నింపాయి. ఆ తిరస్కారంతో ఓకేసీ మనసు విరిగింది. ఆబీ ఆ నాటకాన్ని 1935లో గానీ ఆడలేదు. లండన్‌లో 1967లో నేషనల్ థియేటర్ బోర్డు, హోఖ్‌హుత్ రాసిన ‘సోల్జర్స్’ నాటకాన్ని ఆపేసింది. అది చర్చిల్ మీద ఘోరమైన ఆరోపణ చేసే నాటకం. బోర్డు అధ్యక్షుడు లార్డ్ చాందోస్ యుద్ధకాలంలో చర్చిల్ మంత్రివర్గంలో పనిచేసినవాడు. ఆ థియేటర్‌లోనే పనిచేస్తూ నాటకాన్ని కోరుకున్న కెన్నెత్ టైనన్ మరుసటి ఏడాది దాన్ని బయట ఆడించాడు. ఆ ఆరోపణకు మూలమైన విమాన ప్రమాదంలో బతికి బయటపడ్డ పైలట్ మీద కూడా ఆ నాటకం నింద మోపింది. తర్వాత అతను పరువునష్టం దావా వేసి గెలిచాడు. అందుకని ఈ రెండో సంగతిలో తప్పొప్పులు తేల్చడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఆ బోర్డుకు కనీసం చట్టపరమైన భయం ఒకటి ఉంది. నాకు ఉన్నది ఒక రాత్రి కూర్చుని చదివితే మనసులో కలిగిన బాధ మాత్రమే.

కళాదర్శకురాలు మర్యాదగా జవాబు రాసింది. ముగింపు మారదని రెండు వాక్యాల్లో చెప్పి, చివర ఇలా అడిగింది: “ఈ నాటకం పర్యటన బడ్జెట్టు మీరు చూశారా? మీ అభిప్రాయం నాకు చాలా అవసరం.” దాన్ని మాట దాటవేయడం అనుకున్నాను. ఆమె నన్ను ఏ పని కోసం పిలిపించుకుందో ఆ పనే అడుగుతోందని నాకు తట్టలేదు.

ఊళ్ళు తిరిగే నాటకంలో డబ్బు ఎలా కదులుతుందో ఇక్కడ చెప్పాలి. తెర లేవకముందే ఖర్చులో పెద్దభాగం అయిపోతుంది. రిహార్సళ్ళ వారాలన్నింటికీ నటులకు వారంవారం జీతం ఇవ్వాలి. సెట్టు కట్టాలి, దుస్తులు కుట్టాలి, లారీ మాట్లాడాలి. టికెట్లు అమ్మేది మేం కాదు, ఆయా ఊళ్ళలోని థియేటర్లు. వాళ్ళు ప్రదర్శనలు అయ్యాక లెక్క తేల్చి, ముందుగా ఒప్పుకున్న మొత్తమో, కలెక్షనులో వాటానో పంపుతారు. ప్రభుత్వం 2014 నుంచీ నాటకాలకు పన్ను రాయితీ ఇస్తోంది. పర్యటన నాటకాలకు దాని రేటు ఇంకా ఎక్కువ. పన్ను కట్టేంత లాభం లేని సంస్థకు అది నగదుగానే వస్తుంది, కానీ రిటర్ను వేసిన తర్వాత వస్తుంది. లెక్కల పుస్తకంలో ఈ ఏడాది ఆదాయంగా కనిపించే డబ్బు బ్యాంకులో వచ్చే ఏడాది పడవచ్చు.

నేను ముగింపు గురించి మాట్లాడిన ఆ సమావేశం కాగితాల్లో ఆదాయవ్యయాల అంచనా ఉంది. అది సరిగ్గానే ఉంది. బ్యాంకు నిల్వ కూడా బాగా కనిపించింది. కానీ అందులో చాలా భాగం బడిపిల్లల నాటక శిక్షణకు మాత్రమే వాడాలని ఒక దాత సంస్థ ఇచ్చినది. ఆ డబ్బును నటుల జీతాలకు వాడితే ట్రస్టీలు చట్టం తప్పినట్టు. నెలనెలా నగదు రాకపోకల అంచనా ఆ కాగితాల్లో లేదు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో, నగదు అంచనా కావాలంటే విడిగా పంపుతాం అని రాసి ఉంది. రాసినవాడు ఆర్థిక విభాగంలోని కుర్రాడు. ఎవరైనా అడిగితే బాగుండునని రాసి ఉంటాడని ఇప్పుడనిపిస్తోంది. నా ఆఫీసులో ఇలాంటి కాగితాలు బల్ల మీదికి వస్తే మొదట అడిగేది అదే. ఆ రోజు నేను ఆ వాక్యం చదివాను. లేని పట్టికను గుర్తించాను కూడా. అప్పటికే సంభాషణ నటీనటుల గురించి ఎంతో అందంగా సాగుతోంది. ఆ మాటల మధ్య నగదు గురించి అడిగితే మా నాన్నలా గుడారంలోకి వెళ్ళినట్టవుతుందని అనిపించింది. అడగలేదు.

మిగతా ట్రస్టీలు అనుభవజ్ఞులే. నటులు, ఒక లాయరు, ఒక బడి ప్రధానోపాధ్యాయురాలు. వాళ్ళు కాగితాలు తిరగేసి నా వైపు చూశారు. లెక్కల మనిషి ఏమీ అనలేదంటే లెక్కలు బాగానే ఉన్నట్టు అనుకున్నారు. ఈ సంగతి అధ్యక్షురాలు తర్వాత నాకు చెప్పింది. తెలియనివాడు ఊరుకుంటే ఒక ప్రశ్న తగ్గుతుంది, అంతే. నేను ఊరుకోవడం మాత్రం అందరికీ అంగీకార పత్రంలా పనిచేసింది. నా మౌనానికి అంత బరువు ఉంటుందని నేను ఎన్నడూ ఆలోచించలేదు.

నాటకం చాలా గొప్పగా వచ్చింది. ముగింపు మారలేదు. మొదటి ప్రదర్శనలో ఆ కొడుకు వెళ్ళిపోయాక తల్లి కుర్చీ సర్దే చోట హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ కఠినత్వం లేకపోతే నాటకమే లేదని అప్పుడు తెలిసింది. పర్యటన సగంలో ఉండగా వారం జీతాలకు చేతిలో స్వేచ్ఛగా వాడుకునే డబ్బు సరిపోదని తేలింది. అత్యవసరంగా సమావేశమయ్యాం. జీతాలు ఎగ్గొట్టలేదు, బడిపిల్లల డబ్బు తాకలేదు. అందుకు వేరేచోట కోత పెట్టాం. పర్యటన చివరలో ఉన్న చిన్న ఊళ్ళు, అంటే తక్కువ డబ్బు ఇవ్వగలిగినవీ, మరో నాటకం రానివీ, వాటినే తీసేశాం. తర్వాతి నాటకం ఆపేశాం. అది మరో రచయితకు మొదటి నాటకం. దుస్తుల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఇద్దరి ఉద్యోగాలు పోయాయి.

సమయానికి అడిగి ఉంటే ఇది తప్పేదా అని ఎన్నోసార్లు లెక్కవేసుకున్నాను. తప్పేది. పర్యటన కొన్ని వారాలు వెనక్కి జరపవచ్చు, థియేటర్ల నుంచి ఒప్పుకున్న మొత్తంలో కొంత ముందుగా అడగవచ్చు, బ్యాంకుతో ఓవర్‌డ్రాఫ్టు ముందే మాట్లాడుకోవచ్చు. ఇవన్నీ నా క్లయింట్లకు నేను రోజూ చెప్పే మామూలు సలహాలు. నేషనల్ థియేటర్ వేల్స్‌కు 2023లో ఆర్ట్స్ కౌన్సిల్ నిధులు ఆగిపోయి, మరుసటి ఏడాదికి ఆ సంస్థ ఆ రూపంలో ముగిసిపోవడం అప్పటికే చూశాను. అంత ప్రేమించిన సంస్థ పోయిందని బాధపడ్డాను. డబ్బు ఆగితే ఎంత గొప్ప నాటకశాల అయినా ఆగుతుందని తెలిసి కూడా, నా ఎదురుగా ఉన్న కాగితాన్ని అడగలేదు.

రాజీనామా చేస్తానన్నాను. అధ్యక్షురాలు ఒప్పుకోలేదు. “మీరు వెళ్ళిపోతే మీకు తేలికవుతుంది. ఈ లెక్కలు ఎవరు చక్కబెడతారు?” అంది. దుస్తుల విభాగం వాళ్ళిద్దరినీ కలిసి, ఏం జరిగిందో, అందులో నా పాలు ఎంతో చెప్పాను. ఒకామె ఏమీ అనలేదు. రెండో ఆమె, మీకు ఆ పట్టిక ఎలా చదవాలో తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. అది చెప్పడం చాలా కష్టమైంది.

మా నాన్న పోయి చాలాకాలమైంది. ఆయన గుడారంలో లెక్కపెట్టబట్టే హార్మోనిస్టు తెల్లారి మొదటి బస్సుకు బత్తెం జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. పైసల్లేక ఆడకుండా వెనుదిరిగిన సమాజం ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కటీ లేదు. జాలిపడాల్సిన మనిషి కాదాయన.

బ్రిటన్‌లోని మన డాక్టర్లనూ, ఇంజనీర్లనూ, అకౌంటెంట్లనూ ఇప్పుడు మ్యూజియాలు, నాటకశాలలు, సంగీత సంస్థలు బోర్డుల్లోకి పిలుస్తున్నాయి. వెళ్ళండి. ఒప్పుకునేముందు మూడేళ్ళ ఆడిట్ లెక్కలు అడగండి. బ్యాంకు నిల్వలో ఫలానా పనికే అని ఇచ్చిన డబ్బు ఎంతో, మిగిలినది ఎంతో విడదీసి చూపమనండి. కష్టకాలానికి అట్టిపెట్టిన నిధి ఎన్ని నెలల జీతాలకు వస్తుందో కనుక్కోండి. రిహార్సలు చూడడానికి పిలిస్తే తప్పకుండా వెళ్ళి చూడండి, కానీ ఆ తర్వాత.

మా బోర్డు సమావేశాల్లో నగదు అంచనా ఇప్పుడు మొదటి అంశం. ఆర్థిక విభాగం కుర్రాడూ నేనూ ముందు వారమే కూర్చుని దాన్ని తయారుచేస్తాం. అప్పుడు ఆపేసిన ఆ మరో రచయిత మొదటి నాటకాన్ని వచ్చే ఏడాది బడ్జెట్టులో మళ్ళీ పెట్టాం. రెండు థియేటర్లు మాకు ఇవ్వవలసిన మొత్తంలో కొంత ముందుగా ఇస్తే రిహార్సళ్ళు మొదలుపెట్టవచ్చు. ఒకటి ఒప్పుకుంది. రెండోదానితో వచ్చే మంగళవారం నేనే మాట్లాడుతున్నాను.