మెట్టు

విరుదునగర్ బజారులో ఒక మరమ్మతు కొట్టు. మేస్త్రీ నన్ను బల్లమీద పెట్టి, మూత మరలు విప్పి, రీడ్ల పలకను పైకి తీశాడు. ఎదురు వరసలో ఎండుమిర్చి మండీ. ఆ ఘాటుకు కొట్లో కూర్చున్నవాళ్లంతా తుమ్ముతున్నారు. నా పొట్ట నిండా ఇరవై ఏళ్ల దుమ్ము, తిత్తి మడతలో ఎలుక కొరికిన బొక్క. కోవిల్‌పట్టి నుంచి ప్యాసింజరు రైల్లో నన్ను ఒడిలో పెట్టుకుని తెచ్చిన పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది.

రీడు అంటే ఇత్తడి చట్రంలో బిగించిన సన్నటి నాలుక. దాని కొసన ఆకురాయితో ఒక్క గీత గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే దిగుతుంది. మేస్త్రీ గీశాడు, గాలి ఊది విన్నాడు, మళ్లీ గీశాడు. తిత్తికి కొత్త తోలు అతికించాడు. ఆఖర్న నన్ను మూసి, నాలుగున్నర శ్రుతి మెట్టు దగ్గర మొదలుపెట్టి వరసగా నల్ల మెట్లన్నీ పైకీ కిందికీ వాయించాడు. అంతే, అది పాట కాదు. అయినా టీ గ్లాసులు తీసుకుపోయే కుర్రాడు ఆగి ఒక సినిమా పాట పేరు చెప్పాడు. తబలాకి తోలు వేయించుకోను వచ్చినాయన అది తమ చర్చిలో పాడే పాటన్నాడు. మూల కూర్చున్న నాదస్వరం పెద్దాయన నవ్వి, "మోహనం అయ్యా, మోహనం" అన్నాడు.

ముగ్గురి మాటా నిజమే. నల్ల మెట్లు అయిదూ వరసగా వాయిస్తే వచ్చేది మోహనమే. ఆ అయిదు స్వరాలతో చైనాలో పాటలున్నాయి, ఇంగ్లీషు చర్చి పాటలున్నాయి. 'మాయాబజార్'లో వెన్నెట్లో పడవ మీద పాడే 'లాహిరి లాహిరి' కూడా ఆ మోహనంలోదే. 1957లో ఆ సినిమా తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది, రెండు మాటలకీ బాణీ ఒక్కటే. ఎవరు ఎవరి దగ్గర దొంగిలించారని అడుగుతాం?

నా సంగతే తీసుకోండి. మా పూర్వీకులు యూరపులో కాళ్లతో తొక్కితే పలికే పెద్ద పెట్టెలు. నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ రెండో చేత్తో వాయించే ఈ రూపాన్ని 19వ శతాబ్దం చివర కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటి వాళ్లు తయారు చేశారు. నా రీడ్లు గుజరాత్‌లోని పాలీతానా నుంచి వచ్చాయి. నన్ను 1940ల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది కోవిల్‌పట్టి దగ్గరి రేగడి నేలల ఊళ్లో ఒక నాటకాల హార్మోనిస్టు. ఆయన్ను నేను పెద్దాయన అనే అంటాను.

ఆ ఇంట్లో మాట తెలుగు. ఎన్నో తరాల కిందట దక్షిణానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అవి. పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి.రా. ఆ వలస కథనే 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాశారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, రాత అంతా తమిళ అక్షరాల్లోనే. పెద్దాయన పాటల నోటుబుక్కూ అంతే, మాట తెలుగైనా లిపి తమిళం.

ఆ నోటుబుక్కులో ప్రతి పాట నెత్తినా ఒక గీతకింద 'మెట్టు' అని రాసి, పక్కన అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసేవాడు. మెట్టు అంటే మా దగ్గర బాణీ, వరస. నా మీద వేళ్లతో నొక్కేదాన్నీ మెట్టే అంటారు. అది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు. పాత నాటకాల పాటల పుస్తకాల్లో పాట పైన వర్ణమెట్టు ఫలానా అని అచ్చు వేసేవాళ్లు. కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఎట్టయపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి కూడా నందనార్ చరిత్ర పాటల మెట్టులో తన పాటలు కట్టి, ఆ మాట పైన రాశాడు. దానివల్ల భారతి కవిత్వం ఏమన్నా తగ్గిందా?

ఎట్టయపురం అంటే పెద్దాయనకు మహా గురి. ముత్తుస్వామి దీక్షితర్ 1835లో దీపావళి నాడు కన్నుమూసింది అక్కడే. ఆ దీక్షితరే చిన్నప్పుడు మద్రాసు దగ్గర మణలిలో ఉంటూ, కోటలో ఇంగ్లీషువాళ్ల బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలంటారు వాటిని, సుమారు నలభై దాకా ఉన్నాయి. 'సంతతం పాహిమాం' వాయిస్తే ఇంగ్లీషు రాజుగారి జాతీయ గీతమే వినిపిస్తుంది. 'వందే మీనాక్షీ' ఒక ఐరిష్ నాట్యపు వరస. ఆయన తమ్ముడు బాలుస్వామి ఆ దొరల ఫిడేలునే మన సంగీతంలోకి తెచ్చి ఎట్టయపురం ఆస్థానంలో వాయించాడు. ఇవాళ ఫిడేలు లేని కచేరీ ఉందా?

బాలుస్వామి దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' రాశాడు. అది 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది, తెలుగు లిపిలో. తమిళ నేల నడిమధ్య తెలుగు అక్షరాల్లో అచ్చయిన ఆ పుస్తకం చదవడానికే పెద్దాయన నలభయ్యేళ్ల వయసులో అక్షరాలు దిద్దాడు. ఎట్టయపురంలో ఎవరి దగ్గరో ప్రతి ఉంటే బస్సెక్కి పోయి, కొన్ని కీర్తనలు రాసుకొచ్చి, రాత్రిళ్లు నా ముందు కూర్చుని కూడబలుక్కునేవాడు. అందులో స్వరాల నెత్తిమీద చిన్న చిన్న గుర్తులుంటాయి. ఇక్కడ ఊపాలి, ఇక్కడ జారాలి అని చెప్పే గమకాల గుర్తులు. ఆ గుర్తు వచ్చినప్పుడల్లా ఆయన వేలు నా మెట్టు మీద ఆగిపోయేది. నా మెట్టు నొక్కితే స్వరం పుడుతుంది, వదిలితే ఆగుతుంది. ఊగడం, జారడం నాకు చేతకావు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. అది నిజమే కాబట్టి ఒప్పుకుంటాను.

ఈ సంగతి పాటల దొంగతనాల లెక్క తేల్చేవాళ్లకు తెలియాలి. ఆరభి, దేవగాంధారి అని రెండు రాగాలున్నాయి. ఇవాళ పాడే పద్ధతిలో రెంటికీ ఎక్కే స్వరాలూ దిగే స్వరాలూ ఒకటే. నా మెట్ల మీద వాయిస్తే అన్నదమ్ముల్ని కాదు, ఒకే మనిషిని చూసినట్టుంటుంది. గొంతులో పాడితే ఒకటి గుర్రమెక్కి పోతుంది, ఇంకొకటి గుడి మెట్ల మీద నిదానంగా కూర్చుంటుంది. మా సీమలోనే విళాత్తికుళం స్వామి అనే మహానుభావుడు సాహిత్యం జోలికి పోకుండా ఒక్క రాగాన్నే గంటల తరబడి ఆలపించేవారు. నా మెట్లు ఒకటైతే పాట ఒకటైపోదు. కాగితం మీద స్వరాలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు నాలాగే చూస్తారు, గమకం లేకుండా.

అయితే దొంగతనమే లేదని నేను అనను. వేళ్ల కింద ఉన్నదాన్ని, నాకు తెలుస్తుంది. స్వరాలు వెతుక్కుంటూ పోయే చెయ్యి వేరు, ఎక్కడికి పోవాలో ముందే తెలిసి పోయే చెయ్యి వేరు. టూరింగ్ టాకీసుల రోజుల్లో పెద్దాయన సినిమా చూసొచ్చి, ఆ రాత్రే పాటలు నా మీద పట్టేవాడు. 1953లో 'దేవదాసు' వచ్చింది. తిరునల్వేలి వైపు నుంచి వెళ్లిన సి.ఆర్.సుబ్బురామన్ సంగీతం, హార్మోనియం వాయిస్తూ పైకొచ్చిన మనిషి, ఇరవై ఎనిమిదేళ్లకే పోయాడని పెద్దాయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. 'జగమే మాయ' బయట తమిళంలో, ఇంట్లో తెలుగులో పాడుకునేవాడు. రెండూ ఘంటసాల గొంతే, వరసా ఒకటే. 1955లో 'అనార్కలి' వచ్చింది. అందులో జిక్కి పాడిన 'జీవితమే సఫలము' హిందీ 'అనార్కలి'లో సి.రామచంద్ర కట్టిన పాట వరసే. పెద్దాయన నోటుబుక్కులో ఆ పాట నెత్తిన 'మెట్టు: హిందీ అనార్కలి' అని రాశాడు. ఆ పేరు చెప్పకుండా ఒక్కసారి కూడా ఆ పాట నా మీద వాయించలేదు. అరువు తెచ్చుకున్న బియ్యం చేటలో పోసుకునేటప్పుడు ఎవరింటివో చెప్పుకున్నట్టు అనిపించేది నాకు.

ఆయన పోయాక నేను అటకెక్కాను. అప్పటికి మనవరాలికి పదేళ్లు.

ఇన్నేళ్లకు ఆ పిల్ల నన్ను ఎందుకు దించిందో రైల్లో తెలిసింది. సంగీతం నేర్చుకుంది, ఒక చిన్న సినిమాకు పాట కట్టి ఇచ్చింది. కట్టించుకున్నాయన విని, ఇది ఫలానా సినిమా పాటకు నకలు, నీది కాదు, అని వెనక్కి ఇచ్చేశాడు. పిల్లకి ఆ సినిమా పాట అంతకుముందు విన్న గుర్తు కూడా లేదు. సాత్తూరు దాటాక ఫోనులో చదివి పక్కనున్న స్నేహితురాలికి చెబుతోంది. అమెరికాలో జార్జ్ హారిసన్ పాట మీద 1976లో వచ్చిన తీర్పు సంగతి. తెలిసి కాపీ కొట్టలేదు, తెలియకుండా మనసులో ఉండిపోయిన పాటే బయటికొచ్చింది, అయినా కాపీయే అన్నారట. ఢిల్లీ హైకోర్టు సంగతి కూడా చదివింది. 'పొన్నియిన్ సెల్వన్ 2'లో ఏ.ఆర్.రెహ్మాన్ పాట డాగర్ సోదరుల శివస్తుతి నుంచి వచ్చిందని దావా. 2025 ఏప్రిల్‌లో ఒక న్యాయమూర్తి, డాగర్ల పేర్లు తెర మీద వెయ్యమన్నారు. సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. "చూశావా, పెద్దపెద్దవాళ్లకే తేలట్లేదు," అంది పిల్ల. గొంతులో ఏడుపు.

ఇల్లు చేరాక నన్ను వసారాలో పెట్టి, తన పాట మెల్లగా వాయించింది. మొదటి చరణం సగంలో వంటింట్లోంచి అవ్వ గొంతు కలిసింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. మాటలు వేరే. కావడి పాట.

పిల్ల చెయ్యి ఆగిపోయింది. "అవ్వా, అదేం పాటే?"

"మీ తాత నిన్ను ఉయ్యాల్లో వేసి ఊపేటప్పుడు పాడింది ఇదే కదే పాపా. ఆపితే ఏడ్చేదానివి."

అవ్వ ఇనప్పెట్టెలోంచి నోటుబుక్కు తీసిచ్చింది. పేజీలు చెదలు తిని అంచులు రాలుతున్నాయి. పిల్ల వేలుపెట్టి వెతికింది. తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు:

మెట్టు: కళుగుమలై కావడి. పంగుని ఉత్తిరం నాడు కొండ కింద పూలమ్మే ముసలామె పాడగా విన్నాను. పేరు అడగడం మరిచాను. తప్పు నాది.

కళుగుమలై మురుగన్ మీద అన్నామలై రెడ్డియార్ కావడిచిందు పాడి నూరేళ్లు దాటింది. ఆయన ఇరవై ఆరేళ్లకే పోయాడు గానీ, ఆ కొండెక్కే జనం నోట ఆ వరసలు పోలేదు. ఆ సినిమా పాట కట్టినాయన కూడా ఏ కావడి వెనకో నడుస్తూ విన్నాడేమో, లేక వాళ్లవ్వ పాడిందేమో. నకలని తిప్పికొట్టిన మనిషి చెవి అంతదాకా పోలేదు.

పిల్ల చాలాసేపు ఆ పేజీ చూసింది. తరవాత తన స్వరాల కాగితం తీసి, నెత్తిన ఒక గీత గీసింది. గీత కింద తమిళంలోనే 'మెట్టు' అని రాసి, పక్కన కొండ పేరు రాసింది, పూలమ్మే ముసలామె అని రాసింది, తాత పేరు రాసింది. రాస్తూ, "తెలుగులో 'మె' ఎట్లా రాస్తారు అవ్వా?" అంది. అవ్వకూ తెలీదు.

కాగితం నా మూత మీద ఆనించి, తిత్తి తెరిచింది. విరుదునగర్‌లో వేసిన కొత్త తోలు ఇంకా బిర్రుగానే ఉంది, మొదటి స్వరం కొంచెం ఆలస్యంగా వచ్చింది. అవ్వ వచ్చి గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది.